పక్క గదిలో మాట్లాడే తెలుగు

మా మేనల్లుడి గురించి రాస్తున్నా. 2022 జూన్ దాకా వాడు నా మేనకోడలు. ఇలా మొదలుపెడితే చదివేవాళ్ళలో సగం మంది ఇక్కడే ఆగిపోతారని తెలుసు, మిగిలినవాళ్ళ కోసం రాస్తా. రాసేముందు వాణ్ణి అడిగా. "పేరు రాయొద్దు, ఏరియా రాసుకో, ఓణీల ఫోటో పెట్టావంటే మాత్రం చంపేస్తా మావయ్యా" అన్నాడు. కాబట్టి ఇక్కడ వాడు పండు. ఇంట్లో పిలిచేదే అది, తెలుగువాళ్ళ ఇళ్ళలో వీధికో పండు ఉంటాడు కాబట్టి భయం లేదు.

మాది గూడూరు దగ్గర. మా తాత చెన్నైలో పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పెరంబూరులో ఉంటా, పాడిలో ఒక కంపెనీ స్టోర్స్‌లో పని. మా చెల్లి, బావ, పండు విల్లివాక్కంలో. మధ్యలో రెండు స్టేషన్లు.

2017లో పండుకి పన్నెండేళ్ళు. పెద్దమనిషి అయ్యాక ఓణీల ఫంక్షన్ చేశాం. మేనమామని, లంగా ఓణీ పెట్టాల్సింది నేనే. టీ నగర్‌లో నాలుగు షాపులు తిరిగి ఆకుపచ్చ పట్టు లంగా, ఎర్ర ఓణీ పద్నాలుగు వేలు పెట్టి కొన్నా, నా పెళ్ళికి కూడా నాకోసం అంత ఖర్చుపెట్టుకోలేదు. హాలు, గేటు దగ్గర ఫ్లెక్సీ, ఊరి నుంచి రెండు వ్యాన్ల జనం. పండు పీట మీద కూర్చుని ఏడుస్తూనే ఉంది (అప్పటి సంగతి కదా అని ‘ఉంది’ అనే రాశా, ఇప్పుడు దిద్దుతున్నా), ఏడుస్తూనే ఉన్నాడు. సిగ్గు అన్నారు పెద్దవాళ్ళు. వీడియో తీసే అతనైతే "కన్నీళ్ళు క్లోజప్‌లో బాగా వచ్చాయి సార్" అన్నాడు. ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోందని ఒక్కరం అడగలేదు, అంత ఖరీదు పెట్టి కొన్న నేను కూడా.

అంతకుముందు దాకా పండుని మేమే ముద్దుగా మగరాయుడు అనేవాళ్ళం. గల్లీ క్రికెట్, సైకిలు, చెట్లెక్కడం. "మా మగరాయుడు" అని మా అమ్మ పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పేది. సరిగ్గా ఆ ఫంక్షన్ అయిన మర్నాటి నుంచి అదే మాట తిట్టు అయిపోయింది. "ఇంకా మగరాయుడిలా ఏంటా తిరుగుడు." మాట అదే, మనుషులు వాళ్ళే, పిల్ల వయసు ఒక్కరోజు పెరిగింది అంతే.

2022లో ప్లస్ టూ పరీక్షలు అయిపోయాక, ఒక ఆదివారం మా చెల్లి జడ వేస్తుంటే చెప్పాడు. "అమ్మా, ఇంక నాకు జడ వెయ్యొద్దు" అన్నాడంట. ఎందుకే అంటే, నేను ఆడపిల్లని కాను అన్నాడు. మా చెల్లి సగం వేసిన జడ చేతిలో పట్టుకునే కూర్చుందంట, ఎంతసేపో తనకి తెలీదు. మా చెల్లికి ఆ జుట్టంటే ప్రాణం, నడుం దాటి ఉండేది, ప్రతి ఆదివారం కుంకుడుకాయలు కొట్టేది.

సాయంత్రానికి అందరం వాళ్ళ హాల్లో. బావ టీవీ సౌండ్ తీసేసి చూస్తూ కూర్చున్నాడు, రెండు గంటలు ఒక్క మాట లేదు. మా ఆవిడ "ఫోను, అంతా ఆ ఫోను" అంది, తర్వాత వంటింట్లో నాతో, "మన వాడికి సంబంధాలు చూడబోతున్నాం, ఇది బయటికి పొక్కితే ఎలా" అంది. తప్పు పట్టను, నా మనసులో ఉన్నదీ అదే, తను పైకి అంది. మా అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి ముడుపు కట్టేసింది.

ఆ ముడుపు కథ చెప్పాలి. పిల్ల బుద్ధి మారితే తిరుపతి తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. వారం తిరక్కుండానే మనసు మార్చుకుని, ముందే ఇచ్చేస్తే స్వామి తొందరగా చూస్తాడేమో అంది. పండుని అడిగితే ఒక్క సెకను ఆలోచించకుండా "సరే అమ్మమ్మా, ఎప్పుడు వెళ్దాం" అన్నాడు. పొద్దున్నే సెంట్రల్‌లో సప్తగిరి రైలు ఎక్కాం. దారంతా మా అమ్మ గోవింద నామాలు, పక్కన పండు కిటికీలోంచి చూస్తూ ఈల. కల్యాణకట్టలో కూర్చున్నప్పుడు మా చెల్లి ఆ జుట్టు పడుతుంటే చూడలేక బయటికి వచ్చేసింది. పండు గుండుతో బయటికొచ్చి, గంధం రాయించుకుని, అద్దం లేకపోతే నా ఫోన్ లాక్కుని సెల్ఫీ కెమెరాలో చూసుకున్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. ఐదేళ్ళుగా చూడని నవ్వు. మా అమ్మ "చూశావా, అప్పుడే కళ వచ్చేసింది, స్వామి విన్నాడు" అంది. నిజమే, విన్నాడు, కాకపోతే ఎవరి మొక్కు విన్నాడన్నదే ప్రశ్న. ఆ జుట్టు మళ్ళీ పెరగనివ్వలేదు వాడు.

నవ్వు వచ్చే కథ ఇది ఒక్కటే. తర్వాతది నేను చేసింది.

స్టోర్స్‌లో నాతో పనిచేసే ఒకాయన ఒక క్లినిక్ గురించి చెప్పాడు, ఇలాంటివి ‘సరిచేస్తారు’ అని. బావ ఎటూ తేల్చడు కాబట్టి నేనే పూనుకున్నా. సిట్టింగ్‌కి పదిహేను వందలు, ఆరు సిట్టింగులు. గాజులు వెయ్యండి, వంట నేర్పించండి, మగపిల్లల స్నేహం మాన్పించండి, ఫోను తీసేసుకోండి, తొందరగా సంబంధం చూడండి. ఏవో మాత్రలు రాశాడు, అవి వేసుకుని పండు మధ్యాహ్నం పన్నెండు దాకా నిద్ర. ఫోను నేనే స్వయంగా తీసుకెళ్ళి మా ఇంటి బీరువాలో పెట్టా. నెలన్నరలో పిల్లాడు సగం అయిపోయాడు. మాట్లాడటం మానేశాడు, మేం మాత్రం "గొడవ చెయ్యట్లేదు, మారుతోంది" అనుకున్నాం. ఒక రాత్రి మా చెల్లి ఫోన్ చేసింది, ఆటోలో వెళ్ళా, మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన వాడు, మెట్ల దగ్గర వీళ్ళు. ఆ రాత్రి వాడన్న మాట ఇక్కడ రాయను. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం ఇద్దరం. (ఇంట్లో అలాంటి రాత్రి వస్తే 14416కి చెయ్యండి, టెలీ మానస్, తెలుగులో కూడా మాట్లాడతారు. మాకు అప్పుడు తెలీదు, అది మొదలైందే ఆ నెల.)

తెల్లారాక వాడు ఫోను అడిగాడు, ఇచ్చేశా. గ్యాలరీలోంచి ఒక స్క్రీన్‌షాట్ చూపించాడు. మద్రాస్ హైకోర్టు తీర్పు, 2021 జూన్ 7. ఒకరినొకరు ప్రేమించుకుని, మదురై నుంచి పారిపోయి చెన్నై వచ్చిన ఇద్దరు అమ్మాయిల కేసు. జస్టిస్ ఆనంద్ వెంకటేష్ గారు అందులో ఇలా ‘సరిచేసే’ వైద్యాలు చెయ్యకూడదని, చేసిన డాక్టర్ల మీద చర్య తీసుకోవాలని చెప్పారు. ఆ తర్వాత 2022లో జాతీయ మెడికల్ కమిషన్ కూడా దాన్ని వృత్తిపరమైన తప్పుగా లెక్కగట్టి రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకి రాసింది. మేం ఆ క్లినిక్ మెట్లెక్కింది సరిగ్గా ఆ సంవత్సరమే. వాడికి ఇదంతా ముందే తెలుసు, మాకు చూపిద్దామంటే ఫోను బీరువాలో ఉంది.

ఆ తీర్పులో నన్ను కుదిపేసింది వేరే సంగతి. ఆ జడ్జిగారు, ఈ విషయం నాకు సరిగ్గా తెలీదు అని ఒప్పుకుని, తీర్పు రాయడానికి ముందు తనే ఒక సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. హైకోర్టు జడ్జి నాకు తెలీదు అన్నాడు. స్టోర్స్‌లో బోల్టులు లెక్కపెట్టే నేను అన్నీ తెలిసినట్టు పిల్లాణ్ణి ఆటో ఎక్కించుకుని తీసుకెళ్ళా.

తర్వాత సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాం, అక్కడ దీనికోసమే క్లినిక్ ఉంది. క్యూ, చీటీ, బెంచీ, అన్నీ ప్రభుత్వాసుపత్రి తీరే. కానీ అక్కడి డాక్టరమ్మ మొదట పండుని ఒక్కణ్ణే లోపలికి పిలిచి నలభై నిమిషాలు మాట్లాడింది, మమ్మల్ని తర్వాత. జెండర్ డిస్ఫోరియా అన్న మాట అక్కడే మొదటిసారి సరిగ్గా విన్నా. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో 2013 దాకా దాని పేరులో రుగ్మత అన్న అర్థం ఉండేదంట, అప్పుడు మార్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా 2022 జనవరి నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది, అందులో మానసిక జబ్బుల లెక్కలోంచే తీసేశారు. తను అబ్బాయినని వాడు అనుకోవడం జబ్బు కాదు, దానివల్ల వాడు పడుతున్న బాధకి మనం సాయం చెయ్యాలి, ఇదీ ఆవిడ చెప్పింది. బావ అడిగిన ఒకే ప్రశ్న, ఆపరేషన్ చేసేస్తారా అని. పద్దెనిమిది నిండని పిల్లాడు, ఇప్పుడు మాటలే, హార్మోన్ల సంగతి తర్వాత, అన్నీ పరీక్షించి, వాడికి కావాలంటేనే, కొందరికి అసలు అక్కర్లేకపోవచ్చు కూడా అంది. ఆ మాటకి బావ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. మా చెల్లికి తెలీని సంగతి ఇంకోటి బయటపడింది, పండు రెండేళ్ళుగా ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టుకుంటున్నాడు. చొక్కా లోపల, ఆ చెన్నై ఎండల్లో. పక్కటెముకలు దెబ్బతింటాయి, అది ఇవాళే ఆపెయ్ అంది డాక్టరమ్మ.

ఆ బాధ ఎలా ఉంటుందో నేనూ అడిగా వాణ్ణి, రైల్లో వస్తూ. "కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని నడుస్తున్నట్టు ఉంటుంది మావయ్యా. నడవచ్చు, నడుస్తున్నా కూడా. కానీ నడిచినంతసేపూ కాలే గుర్తొస్తుంటుంది, ఇంకేం కనపడదు" అన్నాడు.

అక్కడ బెంచీ మీద ఒక తమిళాయన, వాళ్ళబ్బాయిని చూపించి "తిరునంబి" అన్నాడు మాతో, మామూలుగా, మా వాడు బీకాం అన్నట్టు. ఆడగా మారినవాళ్ళని తిరునంగై అంటారు, మగగా ఉన్నవాళ్ళని తిరునంబి. తిరు అంటే మన శ్రీ లాంటిది. తమిళనాడులో 2008లోనే, కరుణానిధి ప్రభుత్వం, వీళ్ళకి సంక్షేమ బోర్డు పెట్టింది, మాటలు కూడా మర్యాదగా కుదిరాయి. మన తెలుగులో చూడబోతే ఉన్నవన్నీ తిట్లే, ఇక్కడ రాయలేను. మొగుడూ పెళ్ళాలు అలిగి మాటలు మానెయ్యడానికి కూడా తెలుగులో పది పదాలుంటాయి, దీనికి ఒక్క మంచి మాట లేకుండా పోయింది.

అయితే తెలుగు నన్ను ఇంకోచోట ఆశ్చర్యపరిచింది, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే. ‘నేను వచ్చాను’ అని మన భాషలో ఆడా మగా ఒకేలా అంటారు. హిందీలో అయితే నోరు తెరవగానే తెలిసిపోతుంది. ‘నువ్వు తిన్నావా’ కూడా అంతే, ఎవర్నైనా అనొచ్చు. పైగా మన ఇళ్ళలో ఆడపిల్లని కూడా ‘ఏరా’, ‘నాన్నా’, ‘రారా కన్నా’ అనే కదా పిలుస్తాం. వరసలు కూడా చూడండి. పండు నన్ను అప్పుడూ మావయ్యా అన్నాడు, ఇప్పుడూ మావయ్యే. మా అబ్బాయిని అప్పుడూ బావా అన్నాడు, ఇప్పుడూ బావే. అంటే వాడు తన వైపు నుంచి ఒక్క మాట మార్చుకోవాల్సిన పని పడలేదు. మార్చుకోవాల్సింది మేము. మేనకోడల్ని మేనల్లుడు అనాలి. మా అబ్బాయి మరదల్ని బావమరిది అనాలి (పిల్ల పుట్టినరోజునే "మా కోడలు" అని మా ఆవిడ అన్న ఇల్లు మాది, అదంత తేలిగ్గా నోరు తిరగలేదు. మా అబ్బాయి మాత్రం "బావమరిదా, అయితే నా బండి కడగమను" అని తేల్చేశాడు, వాడి దగ్గర అదే ఆఖరు చర్చ).

ఎదురుగా ఉన్నప్పుడు మాకేం కష్టం లేదు. ఏరా పండూ, తిన్నావా, ఎప్పుడొచ్చావ్. అందరం ఎంతో బాగున్నట్టే. గొడవంతా వాడు లేనప్పుడు. వచ్చిందా, వచ్చాడా. తిందా, తిన్నాడా. విల్లివాక్కం ఇంట్లో రెండు గదులూ ఒక హాలు, పక్క గదిలో చెంచా పడినా వినిపిస్తుంది. ఒకరోజు పండు నాతో అన్నాడు, "నా ముందు మీరంతా చాలా మంచివాళ్ళు మావయ్యా. నేను లోపలికెళ్ళి తలుపేసుకోగానే, ఇంకెవరో ఒకమ్మాయి గురించి మాట్లాడుకుంటారు. ఆ అమ్మాయంటే మీకు చాలా ఇష్టం. చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు." నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ ముందురోజే, వాడు స్నానానికి వెళ్ళగానే, ఓణీల ఆల్బమ్ తీసి చూస్తున్నాం నేనూ మా చెల్లీ.

తర్వాత ఎక్కడో చదివా, 2018లో అమెరికాలో మూడు ఊళ్ళ నుంచి 129 మంది ఇలాంటి పిల్లల్ని అడిగి చేసిన స్టడీ ఒకటి. వాళ్ళు ఎంచుకున్న పేరుతో ఇంట్లో, బడిలో, పనిచేసే చోట, స్నేహితుల మధ్య ఎన్నిచోట్ల పిలుస్తున్నారు అని లెక్కేశారు. ఒక్క చోటు పెరిగితే చావాలన్న ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. పేరు వల్లే తగ్గాయని ఖచ్చితంగా అనలేం, పిలిచే ఇల్లు మిగతా వాటిలో కూడా మంచిదై ఉండొచ్చు, ఆ మాత్రం లెక్కలు నాకూ తెలుసు. అయినా వాటర్ ట్యాంకు పక్కన రాత్రంతా కూర్చున్నవాడికి ఆ 29 అంకె మామూలు అంకెలా కనపడదు.

బావ సంగతి. ఆయన తిట్టలేదు, కొట్టలేదు, ఇంట్లోంచి పొమ్మనలేదు. ఫార్వర్డులు పంపేవాడు. 2024 ఏప్రిల్‌లో డాక్టర్ హిలరీ కాస్ రిపోర్టు వచ్చాక ఇంకా ఎక్కువ, "చూడు, లండన్‌లోనే ఆపేశారు". కూర్చుని చదివా మొత్తం వార్తలు. ఇంగ్లండ్‌లో ఆపింది ఎదిగే వయసు పిల్లలకి ఆ ఎదుగుదలని ఆపే మందులు మామూలుగా రాసెయ్యడం, ఆధారాలు బలంగా లేవని. అది నిజంగా ఆలోచించాల్సిన మాటే, కొట్టిపారెయ్యను. కానీ మన పండుకి ఎవరూ ఆ మందు ఇవ్వలేదు కదా బావా, అప్పటికి వాడికి పద్దెనిమిది నిండాయి, పైగా ఆ రిపోర్టు పిల్లల మాట వినొద్దని ఎక్కడా అనలేదు, ఇంకా జాగ్రత్తగా వినమంది అని చెప్పా. సరేలే అన్నాడు. ఫార్వర్డులు ఆగాయి.

కానీ ఆయనది ఒక విచిత్రమైన పద్ధతి మొదలైంది. ఆడ క్రియ వాడితే కొడుకు బాధపడతాడు, మగది వాడటానికి నోరు రాదు. కాబట్టి మనిషి క్రియలే ఎగ్గొట్టేశాడు. "పండు భోజనం అయిందా?" "పండు రావడం లేటవుతుందా?" "పండుకి జ్వరం తగ్గిందా?" రెండేళ్ళు, నిజంగా రెండేళ్ళు, కన్నబిడ్డ గురించి ‘డు’ గానీ ‘ది’ గానీ పడకుండా మాట్లాడాడు. ఒకసారి ఊరి నుంచి వాళ్ళన్న ఫోన్ చేసి పండేం చేస్తోందిరా అంటే "చదువు నడుస్తోంది" అన్నాడు. వ్యాకరణం మాస్టార్లకి కూడా అంత తెలివి ఉండదు. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత అర్థమైంది, ఆ మనిషి రోజుకి వందసార్లు, ప్రతి వాక్యం ముందు ఆగి, వీడికి దెబ్బ తగలకుండా ఎలా అనాలా అని వెతుక్కుంటున్నాడు. మేమంతా ఆల్బమ్ చూస్తున్నప్పుడు కూడా ఆయన అలాగే మాట్లాడాడు.

మా అమ్మ మారలేదు. ఎనభై ఒకటి. ఇప్పటికీ ‘అది’ అంటుంది, పండగకి వాడికి చొక్కా గుడ్డే కొనిస్తుంది. బంధువుల్లో సగం మంది రాకపోకలు తగ్గాయి, కొందరు వస్తే బాగుండని కూడా లేదు. గూడూరులో ఒక పెళ్ళికి పోయిన ఏడాది పండు ప్యాంటు చొక్కాలో వచ్చాడు, భోజనాల దగ్గర ఒకావిడ "ఎవరీ అబ్బాయి" అంటే నేను "మా మేనల్లుడు" అన్నా, ఆవిడ "అచ్చం మీ చెల్లి పోలికే" అని పులిహోర వేయించుకుంది. అక్కడితో అయిపోయింది.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న చెల్లి వాళ్ళింటికి వెళ్ళా. పండు గదిలో తలుపేసుకుని ఉన్నాడు. చెల్లి దోసెలు వేస్తోంది. మేడ మీది నుంచి బావ దిగుతున్నాడు, పంచె మోకాళ్ళ దాకా తడిసి, మెట్ల మీదే అరుస్తూ. "ఎక్కడ చచ్చాడు వీడు? మోటార్ ఆపమని అరగంట ముందు చెప్పా, ట్యాంకు నిండి మేడంతా చెరువైంది, చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని పడుకుని ఉంటాడు, వెధవ!"

చెల్లి గరిట ఎత్తి పట్టుకుని అలాగే నా వైపు చూసింది. బావ ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు, తనేమన్నాడో అప్పుడే తనకి వినిపించినట్టుంది. పండు గది తలుపు కొంచెం తెరుచుకుంది, మొత్తం తెరుచుకోలేదు. పెనం మీద దోసె మాడుతోంది, పైన ట్యాంకు ఇంకా పొర్లుతోంది, ఎవ్వరూ కదలట్లేదు.

చివరికి నేనే లేచి వెళ్ళి మోటార్ ఆపా.